హన్మవ్వ తెప్పను లాగిన పడవ

ఎల్లారెడ్డిలో కాలిపోయిన బోరు మోటర్లకు తీగ చుట్టే యాకూబు, ప్రతిరోజూ పొద్దున నమాజు చేసుకొని వచ్చి, చాయ్ గొంతులో పడకముందే, పెరట్లో బర్రె నీళ్లు తాగే సిమెంటు గోలెంలో తన రిమోటు పడవను దించేవాడు. దించి ఊరుకుంటే బాగానే ఉండేది. ఎడమ చేత్తో రిమోటు పట్టుకొని, కుడి చేత్తో చీపురుకట్ట తిరగేసి, అంబలి గెలికినట్టు ఆ నీళ్లను గిరగిరా గెలికేవాడు. గోలెంలో తుఫాను పుట్టేది. మూరెడు పొడవున్న పడవ ఆ అలల మీద ముక్కు ఎత్తేది, దించేది, గోడకు గుద్దుకొని తిరిగొచ్చేది, ఒక్కోసారి బోర్లా పడి తోకకున్న పంకాను గాలిలో గిర్రున తిప్పేది. పక్కన కట్టేసిన బర్రె, పెళ్లి బంతిలో తన విస్తరి ముందు ఎవరో కాళ్లు కడుక్కుంటున్నట్టు చూసేది.

“బర్రెకు దూప అయితుంది. నీ జహాజు ఈత నేర్సినంక తాగాల్నా అది?” అనేది భార్య సాబేరా, బీడీల చాట ఒళ్లో పెట్టుకొని.

“అయిపోయింది. ఇంకొక్క అల.”

“గోలెంల అలలేందయ్యా, ఎవలన్న సూస్తె నవ్వుతరు.”

“ఇప్పటికే నవ్వుతుండ్రు గదనే. కొత్తగ పోయేదేముంది.”

సాబేరా ఇంకో నాలుగు మాటలు అనేది. అని, చాట పక్కన పెట్టి, గోలెంలో గ్రీసు తేలిన నీళ్లు పారబోసి, బర్రెకు కొత్త నీళ్లు పట్టేది. అలల మధ్య పడవ కనబడాలని దాని తోకకు ఎర్రగుడ్డ జెండా కుట్టి పెట్టింది కూడా ఆవిడే. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పనిచ్చేది కాదు.

ఈ పిచ్చి యాకూబుకు షార్జాలో పట్టింది. అక్కడ ఏసీలు బాగుచేసే పనికి పోయాడు. శుక్రవారం సెలవు రోజున తోటివాళ్లు బట్టలు ఉతుక్కునేవాళ్లు, ఇంటికి ఫోను చేసి ఏడ్చేవాళ్లు. యాకూబు ఉప్పుకాలువ ఒడ్డున కూర్చొని, డబ్బున్న దొరలు బొమ్మ పడవలు తిప్పుతుంటే చూసేవాడు. గాలి లేస్తే వాళ్లు పడవలు సంచుల్లో పెట్టుకొని కార్లెక్కేవాళ్లు. యాకూబుకు అది నచ్చేది కాదు. కదలని నీళ్లలో చెప్పు కూడా తేలుతుంది, అసలు పడవ సంగతి అల లేచాకే గదా తెలిసేది అనుకునేవాడు.

రెండు వేల తొమ్మిదిలో అక్కడ పనులు పడిపోయి, కంపెనీ సగం మందిని విమానం ఎక్కించింది. అలా వచ్చినవాళ్లలో కొందరు బంగారం తెచ్చారు, కొందరు సెంటు సీసాలు తెచ్చారు. యాకూబు పెద్ద దుప్పటి మూట తెచ్చాడు. అత్తగారింటి వాళ్లంతా చుట్టూ చేరి మూట విప్పించారు. లోపల బొమ్మ పడవ. అత్త చాలాసేపు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, “అల్లుడు దుబాయికి పోయి బాతును పట్టుకొచ్చిండు” అంది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. ఆ మాట ఎల్లారెడ్డి బస్టాండు దాకా పోయి, అక్కడ కొన్నాళ్లు కాపురం చేసింది.

ఆ షార్జా పడవ పోచారం చెరువులో మొదటి పెద్ద గాలికే మునిగిపోతే, మత్స్యకారులు దయతలచి వలలో తీసిచ్చారు. అది పైపైన మెరిసే సరుకు. యాకూబు దాని మోటరును, రిమోటు పెట్టెను దాచిపెట్టి, మిగతాది తానే చేసుకున్నాడు. బోరుబావిలో దించే పీవీసీ కేసింగు పైపును నిలువునా కోసి, మంట మీద మెత్తబడేదాకా కాచి, బండకింద అణచి, పడవ రూపానికి తెచ్చాడు. బరువంతా అడుగున ఉండాలని ఎమర్జెన్సీ లైటు బ్యాటరీని కడుపులో కూర్చోబెట్టాడు. పైన మూత, మూతకు రబ్బరు పట్టీ.

దుకాణం ముందు మోటర్లు వేసుకొని కూర్చున్న రైతులకు ఆయన అల శాస్త్రం వినక తప్పేది కాదు. అలకు ముక్కు చూపాలి, పక్క చూపొద్దు. ఎక్కేటప్పుడు జోరు పెంచాలి, దిగేటప్పుడు తగ్గించాలి, లేకుంటే పంకా గాలిలో తిరిగి మోటరు కాలుతుంది. అల వీపు మీద ఉన్నప్పుడు మలపొద్దు.

“యాకూబన్నా,” అన్నాడోసారి సదాశివనగర్ నుంచి వచ్చిన రైతు, “మోటర్ కాలి నా వరి ఎండుతుంది. నువ్వేమో అల ఎక్కుడు దిగుడు చెప్పవడ్తివి.”

“నీ మోటర్ అయ్యేదాక నాది పట్టుకపో. గా మూలకున్నది. వరి ఎండనిస్తనా నేను.”

అన్నట్టే ఇచ్చేవాడు. అందుకే జనం ఆయన అలలను భరించారు.

చిన్న చిన్న బోల్టులకు, బేరింగులకు కామారెడ్డి పోవాల్సి వచ్చేది. కొలత సరిపోతుందో లేదో చూసుకోవడానికి పడవను చంకలో పెట్టుకొనే పోయేవాడు. బస్సు కండక్టరు దాన్ని ఎగాదిగా చూసేవాడు.

“దీనికి ఫుల్లా, హాఫా?”

“ఇంకా మూడేండ్లు నిండలే సార్.”

“అట్లయితే ఒళ్లె కూసోవెట్టుకో, పడేస్తవ్” అని, ఆ కండక్టరే జనం తోసుకుంటున్నప్పుడు ఎర్రజెండా విరగకుండా చెయ్యి అడ్డం పెట్టేవాడు.

వానాకాలంలో మబ్బు పట్టిందంటే వాడలో ఆడవాళ్లు ఎండబెట్టిన వడియాలు ఎత్తుకునేవాళ్లు. యాకూబు పడవ ఎత్తుకునేవాడు. లూనా వెనక కట్టుకొని నాగిరెడ్డిపేట మీదుగా పోచారం చేరేవాడు. కట్ట దిగువన హన్మవ్వ చేపలు వేయించి అమ్మే పాక ఉండేది. గాలికి తడిసి వణుకుతూ వచ్చిన యాకూబుకు ముందు చాయ్ పోసి, తర్వాత చేప పెట్టి, అటు తర్వాత తిట్టేది హన్మవ్వ. ఆ వరుస ఎన్నడూ తప్పలేదు.

హన్మవ్వ చేపలు పట్టేవాళ్ల ఇంటి మనిషి. పుట్టింది చేప మధ్య, పెరిగింది చేప మధ్య. కానీ మూడేళ్లుగా చేప ముక్క నోట్లో పెట్టలేదు. రెండు వేల పదిలో చెరువు నిండి మత్తడి దూకుతున్నప్పుడు ఆమె కొడుకు పోశెట్టి ఎక్కిన పుట్టి పడవ తిరగబడి, అతను అలల్లో కొట్టుకుపోయి, ఎలాగో ఒడ్డున పడ్డాడు. కొడుకు బతికిన రోజే ఆమె గంగమ్మకు మొక్కుకుంది. శ్రావణంలో తెప్ప వదులుతాను, ఆ తెప్పను నువ్వు తీసుకున్నదాకా చేప ముట్టను అని.

తెప్ప అంటే పెద్దదేమీ కాదు. జొన్న సొప్పను చాపలా కట్టి, మీద పసుపన్నం, గాజులు, రవికె గుడ్డ, ఒక దీపం పెట్టి నీళ్లలో వదులుతారు. అది నీళ్ల నడుమ ఉన్న నల్లగుండు బండ దాటి లోతులో కలిసిపోతే గంగమ్మ తీసుకున్నట్టు. ఒడ్డుకు తిరిగొస్తే తీసుకోనట్టు, మళ్లీ ఏడాది దాకా ఆగాల్సిందే. దానికి చెయ్యి సాయం ఉండొద్దు. తెడ్డుతో తోయొద్దు, పుట్టిలో ఎక్కించుకొని పోవద్దు, తాతలనాటి రేవు విడిచి ఇంకో రేవుకు పోవద్దు. ఆ రేవేమో పడమటి గాలికి ఎదురుగా ఉంది. హన్మవ్వ తెప్ప మొదటి ఏడు తిరిగొచ్చింది. రెండో ఏడు తిరిగొచ్చింది. మూడో ఏడు దీపం కూడా ఆరకుండా తిరిగొచ్చి, ఆమె కాళ్లకు తగిలి ఆగింది.

“గంగమ్మకు నా వంట నచ్చుతలేదో ఏమో” అనేది హన్మవ్వ, నవ్వుతూనే. కాని పెనం మీద కొర్రమట్ట ముక్క తిరగేసేటప్పుడు ఆమె ముక్కు కొంచెం ముందుకు వంగేది. అది చూసిన ప్రతిసారీ యాకూబు చేతిలో ముక్కను ఆకు మీద పెట్టేసేవాడు.

రెండు వేల పదమూడులో వానలు దండిగా పడ్డాయి. చెరువు నిండి మత్తడి మీద తెల్లగా దూకుతోంది. శ్రావణంలో తెప్ప వదిలే రోజున గాలి ఎంత గట్టిగా ఉందంటే, రేవులో నిలబడ్డవాళ్ల కొంగులన్నీ ఊరివైపే చూపుతున్నాయి. యాకూబు గాలి చూసి పడవ తిప్పడానికి వచ్చాడే గాని, తెప్ప సంగతి ఆయనకు గుర్తులేదు. రేవు దగ్గర జనం, బుట్ట నెత్తిన పెట్టుకొని నీళ్లవైపు చూస్తున్న హన్మవ్వ కనబడేసరికి లూనా ఆపాడు.

“ఏమాయెనే అవ్వా?”

“అయ్యేదేముంది బిడ్డా. ఈయేడు సుత పోయేటట్టు లేదు. ఇగ నేను చేప తిని సచ్చుడు కష్టమే.”

నవ్వే అనబోయింది. నవ్వు సగంలో ఆగింది. ఆమెకు డెబ్బై దగ్గరపడుతోంది, పోయిన చలికాలమంతా మంచంలోనే ఉంది. ఇంకో శ్రావణం ఉందో లేదో అనే లెక్క ఆ రేవులో అందరి మనసులోనూ ఉంది, ఎవరి నోటా లేదు.

యాకూబు కాసేపు తన పడవను చూశాడు, కాసేపు అలలను చూశాడు.

“అవ్వా, నా పడవకు కట్టి లాగిస్తె?”

రేవు మొత్తం ఆయనవైపు తిరిగింది. చేపలవాళ్ల సంఘం పెద్ద సాయిలు ముందుకొచ్చాడు. ఆయన హన్మవ్వకు మరిది, ఆచారం దగ్గర వెంట్రుకంత కూడా తగ్గని మనిషి.

“ఏం మాట్లాడుతున్నవ్ యాకూబన్నా. తెప్పకు చెయ్యి తగలొద్దు.”

“నా చెయ్యి తగలదు గద సాయిలన్నా. నేను గీ ఒడ్డుకే ఉంట. పడవల మనిషి లేడు, తెడ్డు లేదు.”

“రిమోటుంది గద.”

“రిమోటు వద్దని మీ తాతలు చెప్పిండ్రా?”

“మా తాతలకు రిమోటు తెలుస్తె గద చెప్పడానికి.”

“తెల్వనిదాన్ని వద్దన్నరని నువ్వెట్ల అంటవ్?”

సాయిలుకు ఇది ఎక్కడో మోసంగా ఉందని అనిపించింది, ఎక్కడో మాత్రం దొరకలేదు. తువ్వాల తీసి మెడ తుడుచుకున్నాడు. అప్పుడు హన్మవ్వ బుట్ట దించి అడిగింది.

“యాకూబూ, రిమోటుకు, పడవకు నడుమ ఏముంటది? తాడు ఉంటదా?”

“ఏముండదే అవ్వా. గాలిల పోతది. కనవడది.”

“ఇన్నవా సాయిలూ. ఇన్నేండ్లు తెప్పను ఎనుకకు నూకింది సుత కనవడని గాలే. ఇప్పుడు ముందుకు నూకేది సుత కనవడనిదే. రెండూ గంగమ్మవే.”

“అది గంగమ్మ గాలి వదినె. గిది షార్జాది.”

“షార్జాల నీళ్లు లేవా? ఆడ గంగమ్మ లేదా?”

సాయిలు నీళ్లవైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. చివరికి, “సాయెబు చెయ్యి మంచిదే. పోయినేడు నా మోటర్ మంచిగ చుట్టిండు” అని పక్కకు జరిగాడు. ఆచారంలో అలాంటి సడలింపు ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

యాకూబు తన ఉపాయం వివరించాడు. పడవ తోకకు కొస ముందుకు వంగిన చిన్న కొక్కెం ఉంది. తెప్పకు నైలాను దారం కట్టి, దారం కొసన ఉచ్చు వేసి, ఆ ఉచ్చును కొక్కానికి తగిలిస్తాడు. పడవ ముందుకు పోయినంతసేపు ఉచ్చు బిగిసి ఉంటుంది. గుండు దాటాక పడవను ఒక్కసారి వెనక్కి నడిపితే దారం వదులై ఉచ్చు దానంతటదే జారిపోతుంది. తెప్ప అక్కడ ఉంటుంది, పడవ ఇక్కడికి వస్తుంది. అంతా విన్నారు, తలలూపారు. హన్మవ్వకు మాత్రం అందులో ఒక లోటు కనబడింది. తెప్పతో పోయేది ఏదైనా సరే, బోసిగా పోకూడదు.

యాకూబు ఉచ్చును కొక్కానికి తగిలించి, రిమోటుకు కొత్త సెల్లులు వేస్తుండగా ఆడవాళ్లు పడవ చుట్టూ చేరారు. ముక్కుకు పసుపు పూశారు, బొట్టు పెట్టారు, మూత మీద బంతిపూల దండ వేశారు. కేసింగు పైపుకు అంతటి భాగ్యం మునుపెన్నడూ పట్టి ఉండదు. యాకూబు తిరిగి చూసి, “అబ్బ, పెండ్లికూతురు లెక్కనే ఉన్నది” అని నవ్వి, బిస్మిల్లా అని నీళ్లలో వదిలాడు.

పడవ కదిలింది. దారం బిగిసింది. తెప్ప, దీపం చుట్టూ పెట్టిన కొబ్బరిచిప్ప గోడల మధ్య మంటను వణికించుకుంటూ, దాని వెనకే బయలుదేరింది. మొదటి అల ఎదురొచ్చింది. యాకూబు జోరు పెంచాడు, పడవ ముక్కెత్తి ఎక్కింది. జోరు తగ్గించాడు, మెత్తగా దిగింది. రెండో అల, మూడో అల. వెనక బరువుండటంతో తోక కిందికి గుంజుతోంది, ముక్కు పక్కకు తిరగాలని చూస్తోంది. ఆయన నాలుక పళ్ల మధ్య పెట్టుకొని, ఒంటిని కూడా పడవతో పాటే అటూ ఇటూ వంచుతూ నడిపాడు. సాయిలు కూడా తెలియకుండానే పక్కన నిలబడి వంగుతున్నాడు.

నల్లగుండు మీద కూర్చున్న నీటికాకి లేచిపోయింది. పడవ గుండు దాటింది. తెప్ప గుండు దాటింది. రేవులో ఎవరో “తల్లీ గంగమ్మా” అన్నారు. ఇంకొంచెం లోతుకు పోనిచ్చి, యాకూబు పడవను వెనక్కి నడిపాడు.

తెప్ప విడిపోలేదు.

ఇంకోసారి ముందుకు, ఇంకోసారి వెనక్కి. దారం వదులైంది, ఉచ్చు మాత్రం జారలేదు. పడవ వెనక్కి వస్తే తెప్ప కూడా దానితోనే వస్తోంది.

“అవ్వా,” అన్నాడు యాకూబు కళ్లు తిప్పకుండా, “ఆ తోక కొక్కానికి ఏమన్న కట్టిండ్రా?”

“కంకణం కట్టిన బిడ్డా. పసుపుదారం. దేవుని పనికి పోయేదానికి కట్టరా మరి? ఊడిపోవద్దని ఉచ్చు మీదికెళ్లే మూడు ముళ్లేసిన.”



“మూడు ముళ్లు వేస్తివి,” అన్నాడు సాయిలు, “ఇగ ఆ పిల్ల ఇడిచిపెట్టి వస్తదా వదినె.”

నవ్వు రావలసిన మాటే. హన్మవ్వ ముఖం చూసి ఎవరూ నవ్వలేదు. తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు అర్థమైంది. రెండు చేతులూ కొంగులో చుట్టుకొని, మెల్లగా అంది.

“పోనీ బిడ్డా. నీ పడవ తెచ్చుకో. ఇగ నాకు రాసిపెట్టిలేదు అంతే.”

తెచ్చుకోవడం ఎంతసేపు. పడవను ఇటు తిప్పితే గాలే తెచ్చిస్తుంది. దాని వెనకే దీపం వెలుగుతూ తెప్ప కూడా నాలుగోసారి తిరిగొచ్చి, ఆ ముసలిదాని కాళ్లకు తగులుతుంది. ఈసారి తెచ్చింది గంగమ్మ కాదు, యాకూబే అవుతాడు. మోటరు ఆపి వదిలేసినా అంతే, రెంటినీ అల ఒడ్డుకు తోస్తుంది. తెప్ప అక్కడ ఉండాలంటే పడవ కూడా అక్కడే ఉండాలి.

యాకూబు పడవను అలకు ముక్కు చూపి, ఉన్నచోటే నిలిపాడు. ఆ పైపు కాచేటప్పుడు కాలిన మచ్చ ఆయన మణికట్టు మీద ఇంకా ఉంది. అల్లా పేరు తలచుకున్నాడు. మరో పేరు కూడా తలచుకున్నాడేమో, పెదవులు రెండుసార్లు కదిలాయి. తర్వాత, ఇన్నేళ్లుగా రైతులందరికీ వద్దువద్దని చెప్పిన పనే చేశాడు. పడవను అలకు అడ్డంగా తిప్పి ఆపాడు.

మొదటి అలకు ఒరిగింది. కట్టుదిట్టంగా చేసిన పడవ, మళ్లీ నిలబడింది. రెండో అలకు వెల్లకిలా పడి, పంకా గాలిలో తిరిగింది. రబ్బరు పట్టీ తెగి మూత పూలదండతో సహా ఎటో పోయింది. మూడో అల వచ్చి పోయాక నీళ్ల మీద ఎర్రజెండా కొస మాత్రం కనబడింది. కేసింగు పైపు తేలే జాతి కాదు, కడుపులో బ్యాటరీ ఒకటి. దారం గుంజగా తెప్ప ఒక అంచు మీద నిలబడింది, దీపం ఆరింది, గాజులు ఒక్కసారి మెరిశాయి. తర్వాత నల్లగుండు అవతల నీళ్లు తప్ప ఏమీ లేవు.

యాకూబు వేళ్లు ఇంకా రిమోటు మీద కదులుతూనే ఉన్నాయి. హన్మవ్వ దగ్గరికొచ్చి, ఆ వేళ్ల మీద తన చెయ్యి పెట్టి ఆపింది.

“నా నోటి కోసరం నీ పడవ ముంచుకుంటివి గదరా.”

“పాతదైంది అవ్వా. ఎట్లనన్న మార్సేదే” అన్నాడు. అబద్ధం ఆయనకు సరిగ్గా రాదు, గొంతు దగ్గరే దొరికిపోయాడు. ఆమె కనిపెట్టనట్టే ఊరుకుంది.

మధ్యాహ్నం పాకలో పెనం పెట్టారు. మొదటి ముక్క ఎవరికి ఇవ్వాలో చర్చే లేదు. హన్మవ్వ ముల్లు తీసి, కళ్లు మూసుకొని నోట్లో పెట్టుకుంది. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. ఆమె నమిలింది, నమిలింది, కళ్లు తెరిచింది.

“ఏందయ్యా గింత ఉప్పు. మూడేండ్లు మీరు గిదేనా తిన్నది?”

సాయిలు తలవంచి తువ్వాల మడత పెట్టుకున్నాడు. పోశెట్టి బిందెవైపు చూశాడు. ఆమె రుచి చూడకుండా వండిన మూడేళ్లూ, పోచారం వచ్చినవాళ్లంతా చేప తిని, చెంబెడు నీళ్లు తాగి, బాగుందవ్వా అని పోయారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

“మీ నోళ్లు సల్లగుండ” అని హన్మవ్వ ఇంకో ముక్క తీసుకుంది. ఉప్పు ఎక్కువైనా ఆగలేదు.

పోశెట్టి చేతులు కడుక్కొని యాకూబు పక్కన కూర్చున్నాడు.

“నారాజ్ గాకన్నా. రేపు గాలి తగ్గుతది. గుండు అవతల వలేస్త. నీ పడవ దొరుకుతది. ఎండలో ఆరబెట్టుకుంటె మోటర్ నడుస్తదేమో.”

నడుస్తుంది. యాకూబుకు ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు. మోటరుకు వార్నిష్ తానే పూశాడు, నాలుగు రోజులు నీళ్లలో ఉన్నా దానికేం కాదు. ఆయన చేతిలో ముక్క ఆకు మీద పెట్టి, వేళ్లు తుడుచుకున్నాడు. పెనం దగ్గర హన్మవ్వ తోకముక్క ఏరుకుంటోంది. వాళ్ల మాటలు ఆమెకు వినబడటం లేదు.

“పోశెట్టీ, ఒక్క పని చేసి పెడ్తవా తమ్మీ?”

“చెప్పన్నా.”

“ఆ దిక్కు వల వెయ్యకు. ఎప్పుడన్న తప్పి నీ వలల పడితె, అవ్వ తెప్ప సుత దానెంబడే వస్తది. ఆడ్నే ఇడిచిపెట్టు.” గొంతు ఇంకా తగ్గించి అన్నాడు. “ఇడిచిపెట్టి, నాకు మాత్రం చెప్పకు. దొరికిందని తెలిస్తె నేను తెచ్చుకోకుండ ఆగలేను.”